గుమ్మం ముందు చోటు

పుత్తూరు,
6 జూలై 2025

చిట్టితల్లి సహస్రకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఫోన్ చేస్తే "ఊ" అంటావు. అన్నం తిన్నావా అంటే ఊ. బడికి పోయావా అంటే ఊ. నాన్న వచ్చాడా అంటే ఊహూ. ఈ ఊ, ఊహూలతో నాకు కడుపు నిండటం లేదు. అందుకే ఈ జాబు. "ఊ" అని ఒక్క ముక్క రాసి, స్టాంపు అంటించి, పోస్టు డబ్బా దాకా నడవాలంటే నీకే సిగ్గేస్తుంది. కాబట్టి నాలుగు వాక్యాలైనా రాస్తావని నా ఎత్తుగడ.

మీ అమ్మ పెళ్ళయి మద్రాసుకు వచ్చిన కొత్తలో నాకు వారం వారం జాబు రాసేది. అందులో సగం కూరగాయల సంగతులే. ఫోన్లు వచ్చాక ఇద్దరమూ మానేశాము. ఇప్పుడు మీ అమ్మే పోయి రెండు నెలలు కావస్తోంది. ఆ పాత జాబులు ఎక్కడ పెట్టానో వెతకాలని రోజూ అనుకుంటాను, వెతకను. వంటింట్లోకి ఏదో పని మీద పోయి, ఆ పనేమిటో మరిచిపోయి నిలబడతాను. వయసనుకో.

కర్మలన్నీ అయ్యాక, నేను బయల్దేరిన పొద్దున నీ చేతికి ముగ్గుపిండి డబ్బా ఇచ్చి "ఇంక వేయొచ్చమ్మా" అని చెప్పాను గదా. వేస్తున్నావనే అనుకుంటున్నాను. ఆడపిల్ల ఉన్న ఇంటి వాకిలి బోడిగా ఉండకూడదు.

బళ్ళో ఏం చెప్తున్నారో రాయి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఏ పద్యానికి అర్థం తెలియకపోయినా నన్నడుగు. అర్థం తెలియని పద్యం నా దగ్గర లేదు.

నీ ఊ కోసం కాక జాబు కోసం ఎదురుచూసే
పెద్దమ్మ


పురసవాక్కం, చెన్నై,
20 జూలై 2025

పెద్దమ్మకు,

నేను బాగున్నాను. నాన్న బాగున్నాడు. పొద్దున నేను లేచేసరికే షోళింగనల్లూరు ఆఫీసు క్యాబ్ వచ్చి నాన్నను తీసుకుపోయి ఉంటుంది. మళ్ళీ నేను తినేశాక వస్తాడు. ఇద్దరం కూర్చుని టీవీ చూస్తాము. ఏం చూశారని అడిగితే చెప్పలేను.

మా తొమ్మిదో క్లాసులో తెలుగు తీసుకున్నవాళ్ళం కొందరమే. మాకు విడిగా గది లేదు. లైబ్రరీలో అట్లాసులుండే బీరువా పక్కన కూర్చుంటాము. కస్తూరి మిస్ చెప్తారు. ఈ వారం ఒక చిన్న గేయం చెప్పారు. ఒక ఇంట్లో నలుగురు భోజనానికి కూర్చుంటారు. ఐదు కంచాలు పెడతారు. అన్నం చల్లారిపోతుంది. అంతే గేయం. ఐదో కంచం ఎవరికని మిస్ అడిగారు. గైడులో "ఈ గేయం మన అతిథి మర్యాదను తెలుపుతున్నది" అని ఉంది. నేను అదే రాశాను. ఐదుకి ఐదు వచ్చాయి.

ఇంతకు ముందు గేయం చదివితే నాకు ఏదో ఒకటి అనిపించేది. ఇప్పుడు అక్షరాలు కనిపిస్తాయి, అంతే. పంటి డాక్టరు సూది వేశాక పెదవిని ముట్టుకుంటే ఎవరి పెదవో అన్నట్టుంటుంది కదా, అలా ఉంది. నొప్పి లేదు. నువ్వు కంగారు పడవద్దు.

నవంబరు చివర మా బళ్ళో బొమ్మల ప్రదర్శన ఉంది. ఏడాదికొకసారి పెడతారు. ఈసారి అంశం "మా ఇల్లు". డ్రాయింగ్ సార్ పేరు జెబరాజ్. నేను మా ఫ్లాటు గుమ్మం వేస్తున్నాను.

ముగ్గుపిండి డబ్బా స్టవ్ కింది అరలో భద్రంగా ఉంది.

సహస్ర


పుత్తూరు,
3 ఆగస్టు 2025

సహస్రమ్మకు,

నీ జాబు చదివి పొంగిపోయాను. పక్కింటి వాళ్ళందరికీ చూపించాను. మద్రాసు పిల్ల ఇంత చక్కగా తెలుగు రాసిందా అని నోరెళ్ళబెట్టారు. మీ అమ్మ ఎండాకాలం సెలవుల్లో నిన్ను కదలనీయకుండా కూర్చోబెట్టి నేర్పింది ఊరికే పోలేదు. కానీ డబ్బాను భద్రంగా దాచమని ఇచ్చానటే నేను?

ఇంతకీ మీ ఇంటి సంగతే నాకు ఫోన్లో తెలిసింది. పొద్దున్నే ముగ్గు వేయడం పిల్లకు కష్టమని మీ నాన్న బజారు నుంచి స్టిక్కర్ ముగ్గు తెచ్చి గుమ్మం ముందు అంటించాడట. అది పోయిందట. "ఈడ ఎవురో పీకేస్తా ఉండారు వదినా. రెండోది తెచ్చి అతికిస్తే అదీ పాయె" అని మీ నాన్న ఒకటే బాధ. నాకు వెంటనే తెలిసిపోయింది. మీ ఎదురింటి భాష్యంగారికి చాదస్తం ఎక్కువ. ప్లాస్టిక్ ముగ్గు శాస్త్రానికి విరుద్ధమని పీకేసి ఉంటాడు. మీ నాన్నకు అదే చెప్పాను. ఈసారి మంచి గమ్ముండేది తెమ్మన్నాను.

గేయం సంగతి. గైడు సరిగానే చెప్పింది. వేళకు ఎవరొస్తారో తెలియదు కాబట్టి ఒక కంచం ఎక్కువ పెట్టడం మన పెద్దల పద్ధతి. నేనూ పిల్లలకు అదే చెప్పేదాన్ని. నీకు ఏమీ అనిపించకపోతే గట్టిగా నాలుగుసార్లు చదువు, అదే అనిపిస్తుంది. పాలు తాగు. తలకు నూనె పెట్టుకో.

బొమ్మ ఎంతవరకు వచ్చింది? మా వంశంలో బొమ్మలు వేసేదానివి నువ్వొక్కదానివే. మీ అమ్మ ఉంటే ఊరంతా చాటేది.

పెద్దమ్మ


పురసవాక్కం,
24 ఆగస్టు 2025

పెద్దమ్మకు,

స్టిక్కర్లు భాష్యం తాత పీకలేదు. నేనే పీకాను. అట్లకాడతో గీకితే వచ్చేస్తుంది. నీ మాట విని నాన్న ఆయనతో మాట్లాడటం మానేశాడు. లిఫ్టులో తాత "ఏమ్మా, మీ నాయనకు ఒంట్లో బాలేదా? ఆ పక్కకు తిరిగి నిలబడతాడే" అని అడిగాడు. నేను ఊ అన్నాను.

బొమ్మ అయిపోయింది. గుమ్మం, గ్రిల్ గేటు, దానికి తగిలించిన పాల సంచి, చెప్పుల స్టాండు వేశాను. చెప్పుల స్టాండులో అమ్మ చెప్పులు ఇంకా ఉన్నాయి, వాటినీ వేశాను. ముందు గచ్చు. గచ్చు మీద నాలుగు చోట్ల స్టిక్కర్ గమ్ము మరకలు. మధ్యలో ఏమీ వేయలేదు.

జెబరాజ్ సార్ చూసి "ఎన్నమ్మా ఇదు, పాదిలేయే విట్టుట్టే?" అన్నారు. సగంలోనే వదిలేశావేమని. అయిపోయింది సార్ అన్నాను. వాకిట్లో కోలం లేకుండా ఎలా అయిపోతుంది అన్నారు. సార్ వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, వాళ్ళ ఇంటి ముందు ముగ్గు వేయరు. అందుకని మా ఇళ్ళ ముందు తప్పకుండా ఉంటుందని ఆయన లెక్క. టైముంది, నిదానంగా వెయ్యి, లేకపోతే నేను చూసుకుంటాను అన్నారు.

చూసుకుంటాను అంటే ఏమిటో నీకు తెలియదు. ప్రదర్శనకు ముందు సార్ అందరి బొమ్మలకూ టచప్ చేస్తారు. పోయినేడు నా బొమ్మలో ఆకాశం సార్ వేసిందే. అందరూ ఆకాశాన్నే మెచ్చుకున్నారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఈసారి ఆ చోటు ఖాళీగానే ఉండాలి పెద్దమ్మా. దానిలో ఎవరూ ఏమీ వేయకూడదు. మిగతా బొమ్మంతా మార్చినా సరే. సార్‌కి ఇది ఎలా చెప్పాలో తెలియటం లేదు. నువ్వు టీచరువి కదా, చెప్పు.

సహస్ర


పుత్తూరు,
7 సెప్టెంబరు 2025

పిచ్చితల్లికి,

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. నీకు ముగ్గు వేయడం రాదు! ఆ మాట చెప్పడానికి సిగ్గు. అందుకే డబ్బా అరలో దాచావు, అందుకే స్టిక్కర్ చూస్తే కోపం, అందుకే బొమ్మలో ఆ చోటు వదిలేశావు. నాతో చెప్పొచ్చు గదా! మీ అమ్మ కూడా నీ వయసులో చుక్కలు వంకరగా పెట్టి మా అమ్మ చేత మొట్టికాయలు తిన్నదే.

దీనితో పాటు కాగితాలు పెడుతున్నాను. చుక్కలు పెట్టి, గీతలు ఎటు తిప్పాలో బాణాలు కూడా వేశాను. అన్నిటికంటే కింద పెట్టిన మెలికల ముగ్గు మీ అమ్మది. ఫ్లాటు గుమ్మం ముందు చోటు తక్కువని ఎక్కువగా అదే వేసేది. దాన్ని బొమ్మలో వేసి చూడు, ఎంత నిండుగా ఉంటుందో. సార్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ముగ్గు లేని వాకిలి చూసేవాళ్ళకు అశుభం. బడి గోడకు తగిలించే బొమ్మ అది.

ఇంకొకటి. స్టిక్కర్లు పీకింది నీ కూతురేనని మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. కోప్పడవద్దని కూడా చెప్పాను. "అట్టనా" అని పెట్టేశాడు. భాష్యంగారితో నేరుగా పోయి మాట్లాడమన్నాను. ఉత్తపుణ్యానికి ముసలాయన్ను ఆడిపోసుకున్నాము.

నువ్వు నవ్వుతున్నావనే అనుకుంటూ,
పెద్దమ్మ


పురసవాక్కం,
5 అక్టోబరు 2025

పెద్దమ్మకు,

నాకు ముగ్గు వచ్చు. అమ్మ మూడో క్లాసులోనే నేర్పింది.

నాన్నకు చెబుతావని తెలిస్తే నీకు రాసేదాన్ని కాదు. నాన్న నన్నేమీ అడగలేదు. మూడో స్టిక్కర్ అంటించలేదు, చుట్టచుట్టి బీరువా మీద పెట్టాడు. భాష్యం తాత ఇంటికి స్వీటు డబ్బా పట్టుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఎందుకిచ్చాడో తాతకి ఇప్పటికీ తెలియదు.

నువ్వు అర్థమైంది అని రాశావు కాబట్టి రాస్తున్నాను. అమ్మ ఆస్పత్రికి పోయిన పొద్దున జ్వరంతోనే లేచి ముగ్గు వేసింది. నాన్న కింద ఆటో పిలుస్తున్నాడు. చాల్లేమ్మా రా అని నేను అరిచాను. చివరి మెలిక కలిపి లేచి, చేతులు కడుక్కుని పోయింది. తరువాత మా ఇంట్లో ఎవరూ వాకిలి కడగలేదు. అందుకని ముగ్గు అలాగే ఉండిపోయింది. మాది మూడో అంతస్తు, వరండాలోకి వాన రాదు. నేను ఆస్పత్రికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని తొక్కకుండా గోడ వైపు నుంచి పోయేదాన్ని. అది ఉన్నంతసేపూ అమ్మ వచ్చి తెల్లవారి దాన్ని కడిగి వేరేది వేస్తుంది అనుకునేదాన్ని.

అమ్మను తెచ్చే ముందు నువ్వు వచ్చావు. ముగ్గు చూసి "అయ్యో, ఇది ఉండకూడదు" అన్నావు. బక్కెట్ నీళ్ళు పోసి చీపురుతో కడిగేశావు. అలా చేయాలని నాకు తెలుసు. మనిషి పోయిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. నీ మీద కోపం లేదు. నాకు ఎవరి మీదా ఏమీ లేదు. నేను వేసిన బొమ్మ దానిది. నువ్వు కడిగాక ఉన్న చోటుది. అందుకని అందులో ఏమీ లేదు.

నువ్వు పంపిన కాగితాలు చించలేదు, నీ చేతిరాత ఉందని. డ్రాయింగ్ ఫైలులో పెట్టి ఇచ్చేశాను. సార్ ఫైళ్ళన్నీ తన బీరువాలో పెట్టుకున్నారు.

సహస్ర


పుత్తూరు,
16 నవంబరు 2025

అమ్మా సహస్రా,

ఈ జాబు మొదలుపెట్టి చించి, మొదలుపెట్టి చించి ఇన్నాళ్ళయింది. దీపావళి మనకు లేదు కాబట్టి ఆ రోజంతా తలుపేసుకుని నీ జాబే చదివాను.

ఆ రోజు నేను ముగ్గును చూడలేదమ్మా. గచ్చు మీద తెల్లగా ఏదో ఉంది, వచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో, అంతే చూశాను. చెల్లెలు చచ్చిపోయిందని నాకు ఇంకా తలకెక్కలేదు. చేతికి ఒక పని దొరికింది, చేసేశాను. అది దాని చేతి ముగ్గని నీ జాబు చదివేదాకా తట్టలేదు. నేనే నేర్పిన మెలిక. బక్కెట్ నిండా పోశాను గదా. నాకు దాని మీద ఏడుపు వచ్చింది నీ జాబుతోనే. ఇన్నాళ్ళూ నేనూ నీలాగే ఉన్నాను, కాకపోతే నేను వాగుతూ ఉంటాను, నువ్వు ఊ అంటావు.

ఆ గేయం మళ్ళీ చదివాను. నలుగురు కూర్చుంటారు, ఐదు కంచాలు పెడతారు, అన్నం చల్లారుతుంది. అతిథి కోసమైతే అన్నం ఎందుకు చల్లారనిస్తారు? తినేస్తారు గదా. నేను ఇంతకాలం బళ్ళో ఏం చదివానో ఏం చెప్పానో నాకే తెలియటం లేదు.

నీ బొమ్మ అయిపోయింది. నువ్వు చెప్పినట్టే అయిపోయింది. సార్ దగ్గరికి పోయి నీ నోటితోనే చెప్పు: "ఇది మా అమ్మ పోయిన నాటి వాకిలి సార్, ఇలాగే ఉంచండి" అని. చాలు. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, వింటాడు. నా ముగ్గు కాగితాలు తీసేసి చించి పారెయ్యి. ముందు ఆ పని చెయ్యి.

పెద్దమ్మ


పురసవాక్కం,
21 డిసెంబరు 2025

పెద్దమ్మకు,

నీ జాబు ప్రదర్శన అయిపోయాక వచ్చింది. వానలకు మా పోస్టాఫీసు వీధి నీళ్ళలో ఉండింది. కవరు తడిసి సిరా పాకింది, అయినా అన్నీ చదవగలిగాను.

సార్‌కి నేను చెప్పలేదు. చెబుదామని రోజూ డ్రాయింగ్ రూం దాకా పోయాను. ఏమ్మా అంటే ఏమీ లేదు సార్ అని వచ్చేశాను. ఫైలు తీసినప్పుడు సార్‌కి నీ కాగితాలు కనబడ్డాయి. నేను వేయాలనుకుని, చేతకాక వదిలేశానని అనుకున్నారు. ప్రదర్శన రోజు నేను పోయేసరికి బొమ్మ గోడకుంది. ఖాళీ చోట్లో అమ్మ మెలికల ముగ్గు ఉంది. చోటుకు సరిపోతుందని దాన్నే ఎంచుకున్నారట. తెల్ల పోస్టర్ రంగుతో, చాలా బాగా వేశారు. ఒక్క గీత కూడా వణకలేదు. రెండో బహుమతి రిబ్బను కూడా కట్టి ఉంది. "ఎప్పడి?" అని సార్ నవ్వుతూ అడిగారు. ఎలా ఉందని. థాంక్యూ సార్ అన్నాను. ఇంకేమీ అనిపించలేదు. ముగ్గు కడిగేసిన రోజు కూడా అంతే, నిలబడి చూశాను.

నాన్న వస్తాడని అనుకోలేదు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు, మెడలో ట్యాగ్ తీయలేదు. బొమ్మలన్నీ దాటుకుని నా బొమ్మ ముందు ఆగాడు. ముందు అమ్మ చెప్పులు చూశాడు. తరువాత గమ్ము మరకలు చూశాడు. నేను ఏమంటాడో అని నేల చూస్తున్నాను. నాన్న ముగ్గు మీద వేలు పెట్టబోయి, పెట్టకుండా ఆపేశాడు.

"ఆస్పత్రికి పోయిన పొద్దున ఏసింది ఇదే గదా?" అన్నాడు.

నేను ఊ అన్నాను.

"క్యాబ్‌వోడు కింద హారన్ కొడతా ఉన్నా సరే, చూసుకొనే దాటేవాణ్ణి. ఆస్పత్రి నించి వచ్చేటప్పుడు గూడా. గోడ పక్కనించి."

నేనూ అటు నుంచే పోయేదాన్ని అన్నాను.

నాన్న అక్కడే, అందరి ముందూ ఏడ్చాడు. కస్తూరి మిస్ కుర్చీ తెచ్చి వేశారు. నేను ఏడవలేదు. కానీ నాన్న చెయ్యి పట్టుకుంటే వేడిగా ఉందని తెలిసింది. చాలా రోజుల తరువాత ఏదైనా వేడిగానో చల్లగానో ఉందని తెలిసింది అప్పుడే. ఆ ముగ్గు సార్ వేశారని నేను చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. నువ్వు కూడా ఈసారి ఫోన్ చేసి చెప్పవద్దు.

ఇంటికి వచ్చాక నాన్న గమ్ము మరకలకు కొబ్బరినూనె రాసి నానబెట్టి, అట్లకాడతో గీకి తీసేశాడు. బీరువా మీది స్టిక్కర్ చెత్తబుట్టలో వేశాడు. ముగ్గు వేస్తావా అని అడిగాడు. ఇప్పుడు కాదు అన్నాను. సరే అన్నాడు.

అర్ధసంవత్సర పరీక్షలో ఐదు కంచాల ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఐదో కంచం చనిపోయిన మనిషిది, పెట్టకుండా ఉండటం వాళ్ళకు చేతకాలేదు, దాని వైపు చూస్తూ తినడమూ చేతకాలేదు, అందుకని అన్నం చల్లారింది అని రాశాను. రెండు మార్కులు వచ్చాయి. పేపర్లు వేరే బడి వాళ్ళు దిద్దారు. కస్తూరి మిస్ మార్కులు చూసి, నా జవాబును మా క్లాసులో గట్టిగా చదివారు. చదివేటప్పుడు అది నాదేనని నాకు అనిపించింది.

ఇప్పుడు మార్గళి కదా, నువ్వు ధనుర్మాసం అంటావే, అది. మా అంతస్తులో అందరి ఇళ్ళ ముందూ పెద్ద పెద్ద ముగ్గులు, రంగులు. భాష్యం తాత కోడలు మెట్ల దాకా వేస్తుంది. మా గుమ్మం ముందు మాత్రం ఉత్త గచ్చు. పొద్దున క్యాబ్ వచ్చినప్పుడు నాన్న గోడ పక్క నుంచే పోతాడు. ఆ తరువాత నేను కూడా అటు నుంచే పోతాను. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

సెలవుల్లో మా ఇంటికి వస్తానని ఫోన్లో అన్నావు కదా, రా. లిఫ్టు దిగి వచ్చేటప్పుడు గుమ్మం ముందు చూసుకుని అడుగు వెయ్యి. అక్కడ ఏమీ ఉండదు. అయినా తొక్కవద్దు.

సహస్ర